బ్లూ ఫేజ్‌ను పాలిమర్‌తో నిలపడం: మీ సెల్‌లో ఆకుపచ్చ దీవులే ఎందుకు మిగిలాయి?

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. ఈ7 అనే నెమాటిక్ మిశ్రమంలో (అణువులు ఒకే దిక్కుకు వరుసగా నిలిచే లిక్విడ్ క్రిస్టల్) 4 శాతం ఆర్5011 కలిపారు, అది మెలిక పుట్టించే కైరల్ డోపెంట్. పాలిమర్‌గా మారే రెండు అక్రిలేట్ మోనోమర్లు, ఈహెచ్‌ఏ 6 శాతం, ఆర్‌ఎం257 2 శాతం, యూవీ పడగానే ఆ మార్పు మొదలుపెట్టే ఫోటో ఇనీషియేటర్ కొద్దిగా చేర్చారు. రెండు గాజు పలకల మధ్య నింపిన ఆ సెల్‌ను హాట్ స్టేజ్ (మైక్రోస్కోప్ కింద వేడిని అదుపు చేసే పలక) మీద చల్లారుస్తుంటే బ్లూ ఫేజ్ అనే లిక్విడ్ క్రిస్టల్ దశ తాలూకు ఆకుపచ్చ పలకలు కనిపించాయి, ఒక్క డిగ్రీ దిగేలోపే పోయాయి. మళ్లీ వేడిచేసి, పలకలు కనిపిస్తున్న చోట ఆపి, యూవీ వేశారు. గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి సెల్ చాలావరకు పాలలా తెల్లబడింది. అక్కడక్కడ మాత్రం ఆకుపచ్చ దీవులు మిగిలాయి. ఇప్పుడు పాలిమర్‌ను 15 శాతానికి పెంచాలా అని అడుగుతున్నారు.

పెంచకండి. ఆ దీవులు మిగిలాయంటేనే మీ 8 శాతం సరిపోతోందని అర్థం. పాలిమర్ తక్కువై ఉంటే గది ఉష్ణోగ్రతలో ఒక్క పలక కూడా మిగిలేది కాదు. నిలిచిన చోట అదే మిశ్రమం, నిలవని చోట కూడా అదే మిశ్రమం. తేడా ఎక్కడో చూడాలంటే యూవీ పడుతున్న ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో చూడాలి. దానికి ముందు ఈ దశ ఒక్క డిగ్రీకే ఎందుకు పరిమితమవుతుందో తెలియాలి. అది అర్థమైతే మీ సమస్య సగం తీరినట్టే.

ఈ రంగులు కొత్తవి కావు. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తే 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా కరిగింది, 178.5 డిగ్రీల దగ్గర తేటపడింది. లిక్విడ్ క్రిస్టల్స్ కథ అక్కడే మొదలైంది. తిరిగి చల్లారుస్తున్నప్పుడు తేట ద్రవం మబ్బుపట్టే ముందు కాసేపు నీలం, ఊదా రంగులు మెరిసి పోయాయని కూడా ఆయన రాశాడు. ఆ మెరుపునే ఇప్పుడు బ్లూ ఫేజ్ అంటున్నాం. తొలిసారి చూసిన మనిషికి కూడా అది క్షణంలోనే జారిపోయింది.

లోపల ఏముందో చెప్పడానికి నాకు పేనిన తాడు కంటే మంచి పోలిక దొరకలేదు. కొబ్బరి తాడును అడ్డంగా కోసి చూడండి. నడిమధ్య పీచు తాడు పొడవునా నిటారుగా పోతుంది. అంచుకు వచ్చేకొద్దీ పీచు ఏటవాలుగా తిరుగుతుంది. కైరల్ డోపెంట్ ఎక్కువగా ఉన్న లిక్విడ్ క్రిస్టల్‌లో అణువులు కూడా ఇలాగే అమరాలని చూస్తాయి. మధ్యలో నిటారుగా, అంచుల్లో 45 డిగ్రీల వాలుతో. దీన్నే డబుల్ ట్విస్ట్ సిలిండర్ అంటారు, మందం సుమారు 100 నానోమీటర్లు. కొలెస్టెరిక్ అనే మామూలు మెలిక దశలో మెలిక ఒకే దిక్కుకు ఉంటుంది. ఇక్కడ మధ్య గీత నుంచి అన్ని పక్కలకూ ఉంటుంది. అణువులకు ఇదే ఎక్కువ సుఖం.

ఇబ్బంది ఏమిటంటే, అలాంటి తాళ్లతో చోటునంతా సందు లేకుండా నింపడం సాధ్యం కాదు. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, కొన్ని లోతుకు పేర్చితే అంచు అంచుతో బాగానే కలుస్తుంది. కానీ మూడు దిక్కుల తాళ్లు కలిసే మూలల్లో ఎటు తిరగాలో తేలని అణువులు మిగిలిపోతాయి. అవి వరుసగా గీతల్లా సాగుతాయి. వీటిని లోపరేఖలు అందాం, ఇంగ్లీషులో డిస్‌క్లినేషన్లు. బ్లూ ఫేజ్ 1లో తాళ్లు బాడీ సెంటర్డ్ క్యూబిక్‌గా, బ్లూ ఫేజ్ 2లో సింపుల్ క్యూబిక్‌గా పేరుకుంటాయి, రెండూ ఘనాకారపు జాలకాలే, అంటే పదే పదే తిరిగొచ్చే అమరికలు. బ్లూ ఫేజ్ 3లో క్రమం లేదు, పొగమంచులా ఉంటుంది. చల్లారేటప్పుడు ఐసోట్రోపిక్ (అణువులకు ఏ క్రమమూ లేని మామూలు ద్రవం) నుంచి 3, 2, 1 అన్న వరుసలో వచ్చి కొలెస్టెరిక్‌లో ముగుస్తుంది. ప్రతి మిశ్రమంలోనూ మూడూ కనిపించాలని లేదు.

లోపరేఖ మధ్యలో అణువులకు క్రమం ఉండదు. అంటే అక్కడ పదార్థం దాదాపు ఐసోట్రోపిక్ ద్రవమే. తేటపడే ఉష్ణోగ్రతకు ఆనుకుని ఉన్నప్పుడు కాస్త ద్రవాన్ని భరించడం పెద్ద ఖర్చు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్నదంతా ఇంకో అర డిగ్రీలో ద్రవం కాబోతోంది. కిందికి దిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. డబుల్ ట్విస్ట్ వల్ల వచ్చే లాభాన్ని లోపరేఖల ఖర్చు మింగేసిన చోట బ్లూ ఫేజ్ కూలిపోయి కొలెస్టెరిక్ అవుతుంది. ఆ లాభనష్టాల మధ్య మిగిలిన సందే మీరు చూసిన ఒక్క డిగ్రీ.

ఇక పాలిమర్ సంగతి. 2002లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో హిరోత్సుగు కికుచి బృందం నేచర్ మెటీరియల్స్‌లో ఒక పేపర్ ప్రచురించింది. బ్లూ ఫేజ్‌లో ఉన్న మిశ్రమంలోనే మోనోమర్లను యూవీతో గట్టిపరిచి, 260 నుంచి 326 కెల్విన్ వరకు, అంటే దాదాపు మైనస్ 13 నుంచి 53 డిగ్రీల సెల్సియస్ వరకు, ఆ దశను నిలబెట్టారు. ఒక డిగ్రీ దశ 60 డిగ్రీలు దాటి సాగింది. వాళ్లు వాడింది కూడా ఈహెచ్‌ఏ, ఆర్‌ఎం257 జోడీయే. మీరు సరైన దారిలోనే మొదలుపెట్టారు.

చాలామంది పాలిమర్ అంటే జిగురులా అన్నిటినీ పట్టి కదలకుండా ఆపుతుందనుకుంటారు. అలా ఆపితే కరెంటు పెట్టినా అణువులు కదలవు, ఆ పదార్థంతో ఉపయోగం ఉండదు. మోనోమర్లు, పెరుగుతున్న పాలిమర్ గొలుసులు క్రమం లేని చోటికే చేరడానికి ఇష్టపడతాయి. క్రమంగా ఉన్న అణువుల మధ్య దూరితే వాటిని చెదరగొట్టాలి, లోపరేఖల్లో ఆ గొడవ లేదు. కాబట్టి పాలిమర్ ఎక్కువగా ఆ రేఖల వెంటే పోగై వలలా అల్లుకుంటుంది. లోపరేఖ ఉన్న చోటు పాలిమర్‌తో నిండిపోతే అక్కడ క్రమం లేని లిక్విడ్ క్రిస్టల్‌ను భరించే ఖర్చు పోతుంది. చల్లార్చినా ఆ ఖర్చు పెరగదు. రాతి గోడలో సందులకే సున్నం పెట్టి, రాళ్లను రాళ్లలాగే వదిలినట్టు అన్నమాట. సిలిండర్లలోని అణువులు మాత్రం ద్రవంలాగే కదులుతుంటాయి.

ఇప్పుడు మీ సెల్‌కు వద్దాం.

మోనోమర్ కలపగానే తేటపడే ఉష్ణోగ్రత దిగిపోతుంది. ముఖ్యంగా ఈహెచ్‌ఏ లిక్విడ్ క్రిస్టల్ కానే కాదు, కొమ్మలున్న చిన్న అణువు, అందుకే బాగా దించుతుంది. మీ మిశ్రమంలో అది పది డిగ్రీలు దించిందనుకుందాం. యూవీ పడ్డాక ఏమవుతుంది? మోనోమర్ పాలిమర్‌గా మారి ద్రవంలోంచి తప్పుకుంటుంది. ద్రవంలో మోనోమర్ తగ్గేకొద్దీ తేటపడే ఉష్ణోగ్రత తిరిగి పైకి ఎక్కుతుంది, దానితోపాటు బ్లూ ఫేజ్ సందు కూడా పైకి జరుగుతుంది. పదో వంతు మోనోమర్ ఖర్చయితే చాలు, సందు సుమారు ఒక డిగ్రీ జరిగిపోయింది. సందు వెడల్పే ఒక డిగ్రీ. హాట్ స్టేజ్ మాత్రం మీరు పెట్టిన అంకె దగ్గరే కదలకుండా ఉంది. అంటే మీరు ఏమీ మార్చకపోయినా, శాంపిల్ బ్లూ ఫేజ్ అడుగు దాటి కొలెస్టెరిక్‌లోకి జారిపోయింది. వల అల్లుకోవడం ఆ తర్వాత పూర్తయింది. మీరు చాలా శ్రద్ధగా కొలెస్టెరిక్‌ను నిలబెట్టారు.

ఆకుపచ్చ దీవులు ఉన్న చోట వల కాస్త ముందుగా బిగిసింది, లేదా అక్కడ వేడి ఒక పావు డిగ్రీ ఎక్కువగా ఉంది. సెల్ అంచుకూ మధ్యకూ ఆ మాత్రం తేడా మామూలే. ఇది వల అల్లుకోవడానికీ సందు జారిపోవడానికీ మధ్య పరుగుపందెం. దీవుల్లో వల గెలిచింది.

నాకు దీనికి సరిగ్గా ఎదురు అనుభవం ఉంది. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మూడు నెలలపాటు ఏ సెల్ చేసినా యూవీ తర్వాత నల్లగా, ఖాళీగా వచ్చేది. చల్లారిస్తే తెల్లబడేది. మోనోమర్ పాతదేమోనని కొత్త సీసా తెప్పించాం, డోపెంట్ మార్చాం, టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు. చివరికి వేడి కొలిచే సన్నటి తీగను, అంటే థర్మోకపుల్‌ను, రెండు గాజు పలకల మధ్య పెట్టి ఖాళీ సెల్ మీద లాంప్ వేసి చూస్తే నాలుగు నిమిషాల్లో రెండున్నర డిగ్రీలు ఎక్కింది. హాట్ స్టేజ్ తెర మీద అంకె మాత్రం పదో వంతు కూడా మారలేదు. స్టేజ్ తన లోహపు పలక వేడిని కొలుస్తోంది, లాంప్ నా శాంపిల్‌ను వేడెక్కిస్తోంది. నేను ప్రతిసారీ ఐసోట్రోపిక్ ద్రవంలో పాలిమర్ చేస్తున్నాను. అప్పటి నుంచి ఎవరు ఈ పని మొదలుపెట్టినా ముందు ఈ ఒక్క కొలత తీయమంటాను. మీరూ తీయండి, అరగంట పని.

కాబట్టి మీ దగ్గర రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తున్నాయి. లాంప్ వేడి శాంపిల్‌ను పైకి తోస్తుంది, మోనోమర్ ఖర్చు సందును పైకి జరుపుతుంది. రెండూ సమానంగా ఉంటే అదృష్టం. మీ సెల్‌లో రెండోది గెలిచింది, నా సెల్‌లో మొదటిది గెలిచింది. అదృష్టాన్ని నమ్ముకోకుండా చేయాలంటే లాంప్ తీవ్రత తగ్గించండి. 365 నానోమీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 3 మిల్లీవాట్లు, ఇరవై ముప్ఫై నిమిషాలు చాలు. మెర్క్యురీ లాంప్ అయితే వేడిని ఆపే ఫిల్టర్ పెట్టండి, ఎల్‌ఈడీ అయితే ఆ బెడద చాలా తక్కువ.

రెండోది, మొదలుపెట్టే చోటు. మీరు పలకలు స్పష్టంగా, పెద్దగా కనిపించే దగ్గర ఆపారని రాశారు. అది సాధారణంగా బ్లూ ఫేజ్ 1 అడుగు భాగం. పై భాగంలో ఆపండి. యూవీ వేశాక కళ్లు మైక్రోస్కోప్ మీంచి తీయకండి. చూడటానికి హాలోజన్ దీపానికి పసుపు ఫిల్టర్ వేయండి, లేకపోతే మీరు చూస్తూ గడిపిన సమయమంతా మోనోమర్ నెమ్మదిగా గట్టిపడుతూనే ఉంటుంది. పలకల రంగు మారడం మొదలైనా, వాటి అంచుల్లో తెల్లటి వేళ్లలాంటివి పొడుచుకొచ్చినా వెంటనే 0.1 డిగ్రీ పెంచండి. అలా మొదటి ఐదారు నిమిషాలు సందు వెంట నడవాలి. తర్వాత వల బిగిసిపోతుంది, స్టేజ్‌ను ఒక డిగ్రీ దించినా పలకలు కదలవు. ఆ కదలకపోవడం చూసినప్పుడు మీకే తెలుస్తుంది. మొదటి నిమిషంలో ఏమీ జరగనట్టు ఉంటే కంగారు పడకండి, కరిగి ఉన్న ఆక్సిజన్ ఖర్చయ్యేదాకా అక్రిలేట్లు కదలవు.

మూడోది మోనోమర్ల నిష్పత్తి, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. మొత్తం 8 శాతమే ఉంచి, ఈహెచ్‌ఏ 4, ఆర్‌ఎం257 4 చేసి చూడండి. ఆర్‌ఎం257కు రెండు చివర్లా అక్రిలేట్ ఉంటుంది, అందుకే గొలుసుల్ని ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. అది ఎక్కువగా ఉంటే తక్కువ మోనోమర్ ఖర్చుతోనే వల ఏర్పడుతుంది. పైగా అది స్వయంగా నెమాటిక్ పదార్థం కాబట్టి తేటపడే ఉష్ణోగ్రతను ఈహెచ్‌ఏ అంతగా దించదు, అంటే యూవీలో సందు జరగడం కూడా తగ్గుతుంది. పరుగుపందెంలో రెండు వైపులా మీకే లాభం. అలాగని ఈహెచ్‌ఏను పూర్తిగా తీసేయకండి. ఆర్‌ఎం257 క్రమంలో ఉన్న అణువులతో కూడా బాగా కలిసిపోతుంది, అందువల్ల వల లోపరేఖల్లోనే ఉండకుండా సిలిండర్లలోకి కూడా పాకుతుంది, తర్వాత వోల్టేజ్ పెట్టినప్పుడు అణువులు బిగుసుకుపోయి ఉంటాయి. మెత్తటి ఈహెచ్‌ఏ పాలిమర్‌ను క్రమం లేని చోటికి లాగుతుంది. ఈ రెండిటి పొత్తు అందుకే.

ఇక 15 శాతం ఎందుకు వద్దన్నానంటే, అంత మోనోమర్ ఉంటే బ్లూ ఫేజ్ సందు ఇంకా సన్నబడొచ్చు, అసలు కనిపించకపోవచ్చు. నిలిచినా వల మందమై కాంతిని చెదరగొడుతుంది, కదిలించడానికి కావలసిన వోల్టేజ్ పెరుగుతుంది. మరీ తక్కువైతే ఇంకో బాధ. వోల్టేజ్ తీసేశాక కొన్ని అణువులు పూర్తిగా వెనక్కి రావు, చీకటిగా ఉండాల్సిన చోట కాంతి కారుతుంది. 6 నుంచి 10 మధ్య తిరగడం మంచిది.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి, కానీ పని చెడగొట్టడానికి ఒక్కటి చాలు. మూత తీసిన సీసాలో 70 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే ఈహెచ్‌ఏ ఆవిరవుతుంది, ఆ ఘాటు వాసన అదే. అప్పుడు మీరు రాసుకున్న 6 శాతం నిజంగా 6 కాదు. మూత బిగించి, గోధుమరంగు సీసాలో కలపండి, గ్లౌజులు వేసుకోండి. అక్రిలేట్లు చర్మానికి పడవు. సెల్ మందం 5 నుంచి 10 మైక్రాన్లు చాలు, నింపడం ఐసోట్రోపిక్‌లోనే చేయాలి. ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతలు మోనోమర్ కలిపిన మిశ్రమంతోనే, అదే సెల్‌లో, నిమిషానికి 0.2 డిగ్రీ వేగంతో కొలవండి. మోనోమర్ లేని మిశ్రమానికి తీసిన అంకెలు ఇక్కడ పనికిరావు. ఇంకోటి, చల్లారేటప్పుడు బ్లూ ఫేజ్ 1 సందు వేడిచేసేటప్పటి కంటే వెడల్పుగా కనిపిస్తుంది. మీరు వేడిచేసి ఆపారు. ఐసోట్రోపిక్‌కు వెళ్లి, దిగుతూ ఆపండి.

రంగు గురించి కూడా అడిగారు. బ్లూ ఫేజ్ 1 పలకలు ప్రధానంగా వెనక్కి కొట్టే తరంగదైర్ఘ్యం వక్రీభవన గుణకం, జాలకం కొలత, 1.41 ఈ మూడింటి లబ్ధం. జాలకం 230 నానోమీటర్లు, గుణకం 1.6 అనుకుంటే 520 దగ్గర వస్తుంది, అదే మీ ఆకుపచ్చ. జాలకం కొలత దాదాపు కొలెస్టెరిక్ పిచ్ (ఒక పూర్తి మెలికకు పట్టే దూరం) అంతే ఉంటుంది కాబట్టి ఆర్5011 పెంచితే రంగు నీలం వైపు పోతుంది. డిస్‌ప్లేకు కావాలంటే జాలకం 160 దగ్గరికి తేవాలి, అప్పుడు మెరుపు అతినీలలోహితంలోకి వెళ్లి సెల్ నీళ్లలా తేటగా కనిపిస్తుంది. కానీ మీరు నేర్చుకుంటున్నంత కాలం ఆకుపచ్చలోనే ఉండండి. తేట సెల్‌లో తప్పు జరిగితే కంటికి తెలియదు.

దీనికి ఇంత కష్టం ఎందుకని మీ గైడ్ అడిగితే ఈ మాట చెప్పండి. మామూలు ఎల్‌సీడీలో అణువులు తిరిగి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. పాలిమర్‌తో నిలిపిన బ్లూ ఫేజ్ మిల్లీసెకను లోపలే స్పందిస్తుంది. అణువుల్ని ఒక దిక్కుకు తిప్పే పూత కూడా అక్కర్లేదు. 2005లో కికుచి బృందమే కొలిచిన కెర్ ప్రభావం (వోల్టేజ్ పెడితే వక్రీభవనం మారడం) నైట్రోబెంజీన్ ద్రవం కంటే సుమారు 170 రెట్లు ఎక్కువ. 2008లో శామ్‌సంగ్ లాస్ ఏంజిలిస్‌లో జరిగిన డిస్‌ప్లే సదస్సులో 15 అంగుళాల బ్లూ ఫేజ్ తెరను చూపించింది. ఎక్కువ వోల్టేజ్, వోల్టేజ్ తీసినా పూర్తిగా వెనక్కి రాకపోవడం, ఈ రెండిటి వల్ల అది ఇళ్లలోకి రాలేదు. అయితే ఇదే కుటుంబానికి చెందిన పద్ధతి మాత్రం ఇళ్లలో ఉంది. చాలా వీఏ రకం (అణువులు గాజుకు నిటారుగా నిలిచే రకం) టీవీ ప్యానెళ్లలో ఒక శాతం కంటే తక్కువ మోనోమర్‌ను, వోల్టేజ్ పెట్టి ఉంచి, యూవీతో గట్టిపరుస్తారు. అణువులకు కాస్త వాలు అలవాటై ఆ వాలు అలాగే ఉండిపోతుంది.

పాలిమర్ లేకుండా కూడా దారి ఉంది. 2005లో కేంబ్రిడ్జ్‌లో హ్యారీ కోల్స్, మిఖాయిల్ పివ్నెంకో జంట అణువుల మిశ్రమంతో 60 నుంచి 16 డిగ్రీల వరకు బ్లూ ఫేజ్ నిలిపారు. అయినా నన్ను ఎక్కువ కదిలించింది 2012లో అదే కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన కాసిల్స్ బృందం పని. బ్లూ ఫేజ్ 1ను గట్టిపరిచి, లోపలి లిక్విడ్ క్రిస్టల్‌ను, డోపెంట్‌తో సహా కడిగేశారు. మిగిలిన ఖాళీ పాలిమర్ వలలో మెలిక అనేదే లేని మామూలు నెమాటిక్‌ను నింపారు. అది మళ్లీ బ్లూ ఫేజ్ ఆకారమే పట్టింది, మైనస్ 125 నుంచి 125 డిగ్రీల దాకా నిలిచింది. వల ఒక్కటే ఆకారాన్ని గుర్తుపెట్టుకోగలదని దీనికంటే బలంగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు.

ఆ గుర్తునే మీ కొత్త సెల్‌కు పరీక్షగా వాడండి. గట్టిపరిచాక గదిలో ఆకుపచ్చగా ఉందని అక్కడితో ఆపకండి. ఒక మూలను ఫోటో తీసుకుని, పూర్తిగా నల్లబడేదాకా వేడిచేసి, మళ్లీ చల్లార్చండి. అవే పలకలు, అవే ఆకారాలతో, అదే చోట తిరిగి వస్తే వల లోపరేఖల్లోనే ఉంది. పలకలు వచ్చినా వేరే ఆకారాల్లో వస్తే వల బలహీనం, ఆర్‌ఎం257ను 5కి పెంచి ఈహెచ్‌ఏను 3కి దించండి. అసలు రాకపోతే ముందు థర్మోకపుల్ కొలత మళ్లీ తీయండి. ఆ రెండు ఫోటోలు, లాంప్ వేసినప్పుడు వేడి ఎంత ఎక్కిందన్న అంకె ఇక్కడే పెట్టండి, తర్వాతి అడుగు వాటిని చూసి చెబుతాను.